చుక్కలమ్మ లైబ్రరీ

మార్చి 2

అత్తా,

కుశలప్రశ్నలు తరవాత. ముందు ఇది విను: ఇవాళ మధ్యాహ్నం నీ గంట మోగింది!

నువ్వు రిటైరైన రోజు నుంచి గుడ్డ కప్పుకుని మూల కూర్చున్న బ్రెయిలీ ప్రెస్సు గంటే. ఆరేళ్ళ తరవాత మోగింది, అదీ లిస్ప్ భాషలో నేను రాసిన ప్రోగ్రాము పిలిస్తే. మోగడమంటే అలా ఇలా కాదు. ఒక్కసారి మోగమంటే ఆగకుండా మోగుతూనే ఉంది. బైండింగు సెక్షనువాళ్ళు ఎక్కడో నిప్పంటుకుందనుకుని మెట్ల మీదకి పరిగెత్తారు. చివరికి మెకానిక్కు గారు వచ్చి ప్లగ్గు పీకేశారు. తప్పు నాదే. ఎన్నిసార్లు మోగాలో, గంట మోగించే నీ ఫంక్షను పూర్ణాంకంగా తీసుకుంటుంది. అది దశాంశ సంఖ్య తీసుకుంటుందని నేను లిస్ప్‌కి చెప్పాను. ఇద్దరి మధ్యా పడి నా ‘ఒకటి’ కాస్తా ఏ లక్షో అయి కూర్చుంది. దిద్దాక బుద్ధిగా ఒక్కసారే మోగింది. నేను మాత్రం ఎగిరి గంతేశాను.

ఇదంతా ఎందుకంటావా? ఇక్కడ నీ పాత ఆఫీసులో నేను చేరి మూడు నెలలైంది. కొత్త మేనేజరు ఆ ప్రెస్సుని పాత ఇనుముకి పంపించేద్దామన్నారు. ఈలోగా అంధుల బడి నుంచి పన్నెండుమంది పిల్లలకి లెక్కల పుస్తకం కావాలని వచ్చారు. బయట ఎవరిని అడిగినా లెక్కలు మావల్ల కాదన్నారట. నేను ఊరుకోలేక, నేను చేస్తానని చెయ్యెత్తాను. మే నెలాఖరుకి పుస్తకం వస్తే ప్రెస్సు ఉంటుంది, రాకపోతే దాంతోపాటు నీ ఇరవై ఏళ్ళ పనీ లారీ ఎక్కుతుంది. మేనేజరు మాట అది.

నువ్వు సి భాషలో రాసిన అసలు కోడు స్టోరు రూము కారినప్పుడే పోయింది. మిగిలినవి రెండే: యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపంలో ఫంక్షన్లన్నీ ఉన్న నీ లైబ్రరీ, నీ ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం. అందులో నలభై ఒక్క ఫంక్షన్లు, ఏది ఏమిస్తే ఏం చేస్తుందో నీ గుండ్రటి అక్షరాల్లో ఉంది. అది చాలు నాకు. ప్రెస్సుని కదిపే పనంతా నీ ఫంక్షన్లు చూసుకుంటాయి. బ్రాకెట్లో భిన్నం, భిన్నంలో మళ్ళీ బ్రాకెట్టు, ఆ గొడవంతా నా లిస్ప్ చూసుకుంటుంది.

ఇక్కడ ఇప్పటికీ నిన్ను చుక్కలమ్మ అనే అంటారు. ప్రూఫులు చూసే మేష్టారు నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. (చూసే అంటే ఆయనే నవ్వుతారు. చూపు లేదు కదా, వేళ్ళతో చదివే మేష్టారు అనాలట.) నీకు ఫోను వినపడదు, కంప్యూటరు ముట్టనని ఒట్టు పెట్టుకున్నావు. కనుక ఉత్తరమే గతి. వెంటనే రాయి.

నీ మేనకోడలు,
గంట మోగించినది

మార్చి 9

పిల్లా,

గంట సంగతి నర్సుగారికి చెప్పి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. నర్సుగారంటే నా స్నేహితురాలు, రిటైరై మా వీధి చివర ఉంటోంది. ప్లగ్గు పీకినాయన మా మెకానిక్కేనా? ఇంకా మీసానికి నూనె రాస్తున్నాడా?

మీ నాన్నని నేను చిన్నప్పుడు సైకిలు నేర్పిస్తానని గోతిలోకి తోశాను. ఆ పాపానికి ఆయన కూతురు నా లైబ్రరీని ఆ బ్రాకెట్ల భాషలోంచి పిలుస్తోంది. ఒక మాట చెప్పడానికి ఏడు బ్రాకెట్లు తెరిచి, చివర ఏడూ లెక్కపెట్టుకుంటూ మూసుకునే భాష అది. మూయడం మర్చిపోతే ఏ గతి?

అయినా నిజం చెప్తున్నాను, ఉత్తరం అందినప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. లారీ ఎక్కిస్తాడా! నా లైబ్రరీ మొత్తం కలిపి నీ ఫోనులో ఒక ఫొటో అంత ఉండదు. మెమరీ అంత ఇరుకుగా ఉన్న రోజుల్లో రాశాను. ఒక్క అక్షరం రెండుచోట్ల దాచలేదు. ఇరవై ఏళ్ళలో ఎనిమిది వందల పుస్తకాలు వేసింది, ఎవరూ వేలెత్తి చూపలేదు.

మర్యాదగా పిలువు, పలుకుతుంది. ఎన్ని ఇవ్వాలో అన్నే ఇవ్వు, ఏ రకం అడిగితే ఆ రకమే ఇవ్వు. ఏమిచ్చినా అది తిరిగి ప్రశ్నించదు. అది మొహమాటస్థురాలు, ఈ విషయంలో నాలాంటిది కాదు.

ఆ పుస్తకం వచ్చి తీరాలి. నా మాటగా మేనేజరుకి చెప్పు. వద్దులే, నువ్వే చేసి చూపించు.

మీ అత్త

మార్చి 20

అత్తా,

నలభై ఒక్క ఫంక్షన్లలో ముప్ఫై ఆరు పలుకుతున్నాయి! పొద్దున్నే వచ్చి వాటిని వరసగా హాజరు పిలుస్తున్నాను. పిన్నులు లేపేది, కాగితం జరిపేది, పేజీ వేసేది, అన్నీ ‘ప్రెజెంట్’ అంటున్నాయి. మొన్న పిల్లల కథ ఒకటి పన్నెండు పేజీలు వేశాం. మందపాటి కాగితం మీద టకటకమని చుక్కలు లేస్తుంటే మెకానిక్కు గారు ప్రెస్సు పక్కన పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడ్డారు. (మీసానికి నూనె ఉంది.) మేష్టారు ఆఖరి పేజీ మీద వేళ్ళు నడిపి పకపకా నవ్వారు. కథలో నవ్వాల్సిన చోటే నవ్వారు అత్తా! ఆ నవ్వు నీకు పోస్టులో పంపగలిగితే బాగుండేది.

లెక్కల పుస్తకం దగ్గరే చిక్కు వచ్చింది. లెక్కల గుర్తులకి నీ పాత పట్టిక చాలదు కనుక, ఏ గుర్తుకి ఏ చుక్కలో చెప్పే కొత్త పట్టిక లిస్ప్‌లో తయారుచేశాను. పుస్తకం తెరిచే నీ ఫంక్షనుకి, మెమరీలో ఆ పట్టిక ఎక్కడుందో ఆ అడ్రసు ఇచ్చాను, నోటుపుస్తకంలో రాసినట్టే. ముప్ఫై పేజీలు ముత్యాల్లా వచ్చాయి. ముప్ఫై ఒకటో పేజీ మీద మేష్టారు చెయ్యి ఆగిపోయింది. “ఇది ఏ భాషమ్మా?” అన్నారు. అంతా పిచ్చి చుక్కలు. మర్నాడు నలభై నాలుగు దాకా బాగా వచ్చి చెడింది. ఆ మర్నాడు పంతొమ్మిదికే. వేడికి అంటారు మెకానిక్కు గారు.

నా వైపు అంతా నాలుగుసార్లు చూసుకున్నాను. నీ లైబ్రరీలో ఎక్కడైనా లోపం ఉందేమో, ఓసారి గుర్తు చేసుకుంటావా?

అన్నట్టు మేష్టారు ఎవరికో అక్షరాల పాఠాలు చుక్కల్లో తయారుచేసి పోస్టు చేస్తున్నారు. ఎవరికని అడిగితే, “ఒక మొండి శిష్యురాలు చేరిందిలే” అన్నారు.

నీ మేనకోడలు

మార్చి 27

అమ్మా,

లోపమా? నా లైబ్రరీలోనా?

ఎనిమిది వందల పుస్తకాలు. ఇంకోసారి చదువుకో, ఎనిమిది వందలు. అప్పుడు లేని లోపం నువ్వు పిలవగానే పుట్టిందా? ఏ పేజీలో చెడుతుందో రోజుకో రకంగా ఉంటే అది నా పని కాదు. నేను తప్పు చేస్తే ప్రతిసారీ ఒకే చోట చేస్తాను.

నా లైబ్రరీ ఎక్కడ చూడమంటే అక్కడే చూస్తుంది. అక్కడ ఏముంటే అదే వేస్తుంది. అది అబద్ధం చెప్పదు. నీ బ్రాకెట్ల భాషని అడుగు.

నీ అత్త

ఏప్రిల్ 4

అత్తా,

తప్పైపోయింది. చెంపలేసుకుంటున్నాను. లోపం అనే మాట నేను వాడకుండా ఉండాల్సింది. నాన్నకి చెప్తే, “మా అక్కతోనా పెట్టుకున్నావు?” అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నీ ఉత్తరం విప్పి రెండుసార్లు చూశాను. ఒక్కో అక్షరం రేగుపండంత ఉంది, పేజీకి ఆరే లైన్లు. అంత కోపమా? నోటుపుస్తకంలో అంత పొందికగా రాసిన చెయ్యి లైన్లు దాటి పక్క లైను మీదకి ఎక్కిందంటే నేను ఎంత నొప్పించానో తెలుస్తోంది.

ప్రెస్సు దగ్గర ఇంకా అదే గొడవ. మేనేజరు రోజూ వచ్చి క్యాలెండరు వైపు చూసి వెళ్తున్నారు. నీ సాయం లేకుండా ఇది నావల్ల కాదు. పట్టికని నీ లైబ్రరీ ఎలా వాడుకుంటుందో ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టిన తరవాతైనా సరే.

నీ మేనకోడలు

ఏప్రిల్ 19

పిల్లా,

మూడు వారాలైంది, నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. కోపం నేను తెచ్చుకోవాలి, అలగడం నువ్వు అలిగావు. ఇదెక్కడి న్యాయం?

సరే, పెద్దదాన్ని, నేనే తగ్గుతున్నాను. రాయడం ఇష్టం లేకపోతే మానెయ్యి. పని మాత్రం మానకు. ఆ ప్రెస్సు లారీ ఎక్కితే నేను నీతో మాట్లాడను. ఎక్కకపోతే అన్నీ మర్చిపోతాను.

అత్త

ఏప్రిల్ 25

అత్తా అత్తా అత్తా,

దొరికింది! కూర్చుని చదువు. కూర్చునే ఉంటే నిలబడి చదువు.

నిన్న పొద్దున ఒకే పోస్టులో రెండు కవర్లు వచ్చాయి. ఒకటి నేను అలిగానని నువ్వు రాసింది. రెండోది నేను నీకు ఏప్రిల్ నాలుగున రాసిన క్షమాపణ, తిరిగి నాకే. దాని వెనక ఎవరో పెన్సిలుతో రాశారు: “అమ్మా, ఈ వాటాలో ఇప్పుడు మేం ఉంటున్నాం. నేను టైలర్ని. ఎవరో కొలతలు పంపారనుకుని విప్పాను. ‘పట్టిక’ అని ఉంటే జాకెట్టు కొలతల పట్టికేమో అనుకుని రెండుసార్లు చదివాను. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఏమీ అనుకోకండి.”

నువ్వు ఇల్లు మారావు! నాకు చెప్పలేదు! కవరు మీద పంపినవారి అడ్రసు రాసే అలవాటు నీకు పుట్టాక లేదు. నాన్నని నిలదీస్తే, “అవును, మార్చిలో చెప్పింది” అని తల గోక్కున్నారు.

మొదట ఒళ్ళు మండింది. తరవాత ఆ పెన్సిలు రాత చూస్తూ చూస్తూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేను చేసిన తప్పేమిటి? నీ అడ్రసు ఒకసారి రాసుకుని దాన్నే నమ్ముకున్నాను. అడ్రసు తప్పు కాదు, అక్కడికి ఉత్తరం చక్కగా చేరింది. కానీ నువ్వక్కడ లేవు. నీ బదులు టైలరు గారు ఉన్నారు. ఆయన నా లెక్కల పట్టికని జాకెట్టు కొలతలుగా చదువుకున్నారు.

నీ లైబ్రరీకి జరిగింది అక్షరాలా అదే! లిస్ప్‌కి ఇల్లు సర్దే పిచ్చి ఉంది. మెమరీ నిండుతోందనిపిస్తే చాలు, వాడని సామాను పారేసి, మిగతాదంతా ఒక పక్కకి జరిపేస్తుంది. నా పట్టికనీ జరిపేసింది. దాని సొంత మనుషులకి కొత్త చోటు చెప్పుకుంటుంది, పొరుగింటి నీ లైబ్రరీకి మాత్రం చెప్పదు. నీ లైబ్రరీ పాపం పాత అడ్రసుకే వెళ్ళి, అక్కడ కొత్తగా చేరిన చెత్తని చుక్కలుగా వేసింది. లిస్ప్‌కి ఎప్పుడు సర్దబుద్ధేస్తే అప్పుడు. అందుకే రోజుకో పేజీ!

“ఎక్కడ చూడమంటే అక్కడే చూస్తుంది” అని నువ్వు తిడుతూనే చెప్పావు. నాకే బుర్రకెక్కలేదు.

నిజమో కాదో తేల్చుకోవడానికి, పన్నెండో పేజీ అవగానే లిస్ప్‌ని కావాలని ఇల్లు సర్దమన్నాను. పదమూడో పేజీ మీద మేష్టారు చెయ్యి పెట్టి, “ఇదిగో, మళ్ళీ ఆ భాషే” అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. చెడిపోయిన పేజీకి చప్పట్లేమిటని మెకానిక్కు గారు నా వైపు జాలిగా చూశారు.

నీ కొత్త అడ్రసు మేష్టారు చెప్పారు. ఆయన దగ్గర ఎందుకుందంటే మాట మార్చేశారు. నాకంటే ఆయన దగ్గరివారా? వచ్చాక తేలుస్తాను.

నీ మేనకోడలు

మే 2

నా బంగారు కోడలా,

నర్సుగారు చదివి వినిపిస్తుంటే రెండుసార్లు ఆపి మళ్ళీ మొదటి నుంచి చదివించాను. మా టైలరు బంగారం. ఆయన చేత రెండు జాకెట్లు కుట్టించుకోవాల్సిందే.

మెట్లు పడటం లేదు. అందుకని మార్చి నెలాఖరున పై వాటా వదిలేసి, నర్సుగారి ఇంట్లో కింద గదిలో చేరాను. మీ నాన్నకి చెప్పాను. ఆయనకి చెప్పడమూ గోడకి చెప్పడమూ ఒకటేనని మర్చిపోయాను.

ఇందులో తమాషా గమనించావా? నువ్వు అచ్చం సి లాగా పాత అడ్రసు పట్టుకు వేలాడావు. నేను, జన్మంతా సి రాసినదాన్ని, లిస్ప్‌లాగా చెప్పకుండా ఇల్లు మారాను. ఎవరిని ఎవరు పెంచారో!

ఇప్పుడు అసలు ముక్క. పుస్తకం తెరిచేటప్పుడు నా ఫంక్షను పట్టికని కాపీ చేసుకోదు, చోటు ఎక్కడిది అప్పట్లో? అడ్రసు మాత్రం దాచుకుని పేజీ పేజీకీ వెళ్ళి చూసుకుంటుంది. “పుస్తకం మూసేదాకా పట్టిక కదపరాదు” అని నేను కాగితం మీద రాసి ప్రెస్సు మూత లోపల అంటించాను. నోటుపుస్తకంలో రాయలేదు. మా కాలంలో పట్టికలు కదిలేవి కాదు కదా, ఎవరో చెయ్యి పెట్టి చెరుపుతారనే నా భయమంతా. మూత ఎత్తి చూడు.

పట్టికని లిస్ప్ ఇంట్లో ఉంచకు. మెమరీలో సి వాళ్ళు అడిగి తీసుకునే చోటు వేరే ఉంటుంది, లిస్ప్ చీపురు అక్కడిదాకా రాదు. అక్కడ పట్టిక పెట్టి, ఆ అడ్రసు ఇవ్వు. పుస్తకం మూసే ఫంక్షను పిలిచాకే ఆ చోటు ఖాళీ చెయ్యి. నువ్వే చెయ్యాలి సుమా, అక్కడ నీ వెనక ఊడ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.

లోపం నా లైబ్రరీది కాదు, నీ లిస్ప్‌దీ కాదు. రాయాల్సిన చోట రాయని నాది. ఈ మాట మళ్ళీ నా నోట వినవు కనుక ఈ ఉత్తరం దాచుకో.

మీ అత్త

మే 23

చుక్కలమ్మకి,

నాలుగు వందల పన్నెండు పేజీలు. పన్నెండు కాపీలు. ఒక్క పిచ్చి చుక్క లేదు. గెలిచాం!

మూత ఎత్తాం. లోపలంతా ఎప్పుడో ఆకుపచ్చ రంగు వేసేశారు. మెకానిక్కు గారు బ్లేడుతో మెల్లగా గీకితే నీ కాగితం అంచు బయటపడింది. “కదపరాదు” అనే మాట ఒక్కటే మిగిలింది. ఆయన మూతని అలాగే దించి, ఇకమీదట దీనికి రంగు వేస్తే చేతులు విరగ్గొడతానన్నారు.

పట్టిక నువ్వు చెప్పిన చోట పెట్టాను. ముప్ఫై ఒకటో పేజీ దాటుతుంటే అందరం ప్రెస్సు చుట్టూ మూగాం. నలభై నాలుగు దాటింది. వంద దాటింది. మేష్టారు ఒక్కో పేజీ తడిమి “ఊఁ” అంటున్నారు, మెకానిక్కు గారు గోడ మీద సుద్దతో గీతలు పెడుతున్నారు. మధ్యలో బడి లెక్కల టీచరు గారు వచ్చి ఒక లెక్క మార్చమంటే లిస్ప్‌కి ఇవ్వకుండా హడావుడిగా చేత్తో కొట్టి దూర్చాను. అంతే, మళ్ళీ టకటకా.

పన్నెండో కాపీ ఆఖరి పేజీ పడ్డాక గంట మోగించే ఫంక్షను పిలిచాను. ఒక్కసారే. బైండింగు సెక్షను మొత్తం మెట్ల మీదకి వచ్చింది, ఈసారి పారిపోవడానికి కాదు. మేనేజరు గుడ్డ తీసుకుని తనే ప్రెస్సు తుడిచారు. లారీ మాట మళ్ళీ ఎత్తలేదు. సైన్సు పుస్తకం ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు!

నీకోసం పదమూడో కాపీ వేశాం. పార్సిలు ఇవాళే పంపుతున్నాను. నువ్వు కళ్ళారా చూసుకోవాలి. మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నొప్పికి ఏమైనా రాసుకుంటున్నావా?

నీ మేనకోడలు

జూన్ 14

పిల్లా,

ఉత్తరం చుక్కల్లో వచ్చిందేమిటని బెంబేలు పడకు. బ్రెయిలీ పలకా సూదీ పెట్టి నేనే పొడిచాను. నాలుగు రోజులు పట్టింది. నువ్వు కళ్ళతో చదువుకోగలవు, ఏం ఫరవాలేదు.

నా మోకాళ్ళు గుర్రానికున్నట్టున్నాయి. మెట్లు పడనిది కళ్ళకి. ఏడాదిగా తగ్గుతూ వచ్చి, మార్చి నుంచి మరీ మసక. అప్పటి నుంచి నీ ఉత్తరాలు నర్సుగారే చదువుతోంది. నాకు వచ్చింది కోపం కాదే పిచ్చిదానా, కనపడక అంతంత అక్షరాలు రాశాను. సరే, కొంచెం కోపం కూడా ఉంది. నీకు పుస్తకం పని ఉంది కదా, చెప్తే దాన్ని వదిలి నా దగ్గరికి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. మేష్టారి మొండి శిష్యురాలిని నేనే. ఆయన్ని ఏమీ అనకు, ఒట్టు వేయించుకున్నాను.

ఇరవై ఏళ్ళు చుక్కలు పెట్టాను. అన్నీ కళ్ళతో చూసినవే. ఒక్కటీ వేలితో చదవలేదు. నీ పార్సిలు వచ్చాక మొదటి పేజీ మీద వేలు పెట్టాను. ఆ పేజీకే మూడు రోజులు పట్టింది. నా లైబ్రరీ లేపిన చుక్క నా వేలికి తగిలి అక్షరమైనప్పుడు, చెప్పొద్దూ, గట్టిగా అరిచాను. నర్సుగారు ఎవరో పడిపోయారని పరిగెత్తుకొచ్చింది. పడలేదు, ఏడుస్తున్నాను, సంతోషానికి. నీ వల్ల ఆ ప్రెస్సు నిలబడింది. ఆ ప్రెస్సు వల్ల నేను నిలబడ్డాను. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

ఇక పని సంగతి. మొదటి పేజీ అయ్యాక వరసగా చదివే ఓపిక లేక, నీ బ్రాకెట్లు ఎక్కువగా ఉన్న పేజీ కోసం వెతికాను. రెండు వందల పన్నెండో పేజీ, పై నుంచి అయిదో లైను. ఒక బ్రాకెట్టు తెరిచావు, మూయలేదు. మూడుసార్లు తడిమి చూశాను, లేదు. లిస్ప్ నిన్ను అలా వదిలిపెట్టే రకం కాదు. అది నువ్వు చేత్తో కొట్టి దూర్చిన లెక్కే అయ్యుంటుంది.

మేష్టారు దాటేసింది ఆయన శిష్యురాలు పట్టుకుందని చెప్పు. దిద్ది, ఆ పేజీ పదమూడు కాపీలూ మళ్ళీ వెయ్యి. అయ్యాక గంట ఒక్కసారే మోగించు.

చుక్కలమ్మ
(ఈసారి పంపినవారి అడ్రసు కవరు మీద పొడిచాను. తడిమి చూసుకో.)